పాఠకుని చేతిపని: అమెరికా సైన్స్ ఫిక్షన్ అభిమానుల తొలి చరిత్ర – ఒక పరిశీలన

సాహిత్య ప్రక్రియల చరిత్రను రచయితలు, రచనలు, పత్రికల వరుసలో చెప్పడం పరిపాటి. ఆ వరుసలో పాఠకుడు కేవలం స్వీకర్తగా మిగిలిపోతాడు. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికాలో రూపుదిద్దుకొన్న సైన్స్ ఫిక్షన్‌కు ఈ పద్ధతి చాలదు. అక్కడి పాఠకులలో ఒక ముఖ్యవర్గం కథల పత్రిక రాకముందే తీగలు చుట్టి యంత్రాలు బిగించుకొన్న వర్గం. చేతిపని ఈ ప్రక్రియకు అనుబంధం కాదు, దాని పుట్టుకలోనే ఉన్న అంశం. అయితే ఆ పని చేసినవారందరి పేర్లూ చరిత్రలో ఒకే విధంగా నిలవలేదు.

లక్సెంబర్గ్‌లో 1884లో జన్మించిన హ్యూగో గెర్న్‌స్‌బాక్ 1904లో అమెరికా చేరాడు. న్యూయార్క్‌లో ఎలక్ట్రో ఇంపోర్టింగ్ కంపెనీని నెలకొల్పి, టెలిమ్‌కో అనే చిన్న వైర్‌లెస్ పరికరాన్ని అమ్మాడు. ఒకవైపు విద్యుత్ మెరుపు పుట్టించే ప్రేషకం, మరొకవైపు గాజుగొట్టంలో లోహపు రజను నింపిన గ్రాహకం. మెరుపు పుట్టగానే రజను అతుక్కొని విద్యుత్తు ప్రవహిస్తుంది, గంట మోగుతుంది. విడిభాగాల కొనుగోలుదారులే 1908లో ఆయన ప్రారంభించిన 'మోడర్న్ ఎలక్ట్రిక్స్' పత్రికకు చదువరులయ్యారు. అందులోనే 1911–12లో ఆయన నవల 'రాల్ఫ్ 124సి 41+' ధారావాహికగా వచ్చింది. శిల్పం దృష్ట్యా అది బలహీనమైన రచనే. కాని పరికరాల పటాల పక్కన అచ్చయిన ఆ కథను వాటితోపాటే చదవాలి. విడిగా తీసి తూచితే దాని ప్రయోజనం అర్థం కాదు.

కేవలం ఈ తరహా కథలకే 1926 ఏప్రిల్‌లో 'అమేజింగ్ స్టోరీస్' వెలువడింది. దాని ఉత్తరాల శీర్షికలో లేఖకుల చిరునామాలు కూడా ముద్రించేవారు. సంపాదకునికి రాసినవారు క్రమంగా ఒకరికొకరు రాసుకోసాగారు. సైన్స్ కరస్పాండెన్స్ క్లబ్ ఆ విధంగానే ఏర్పడి, 1930 మే నెలలో 'ది కామెట్' అనే పత్రికను వెలువరించింది. దీనిని తొలి అభిమాన పత్రికగా పరిగణిస్తారు. 'ఫ్యాన్‌జైన్' అనే మాట మాత్రం 1940లో పుట్టింది. ఈ పత్రికలలో కొన్ని సైక్లోస్టైల్ చేసినవి, కొన్ని హెక్టోగ్రాఫ్ మీద తీసినవి. హెక్టోగ్రాఫ్ అంటే పళ్లెంలో గట్టిపడిన జెలటిన్ ముద్ద. ఊదా సిరాతో రాసిన కాగితాన్ని దానిమీద అద్ది తీసి, తరువాత తెల్లకాగితాలను ఒక్కొక్కటిగా అద్దాలి. ప్రతి ప్రతికీ అక్షరం వెలిసిపోతుంది. యాభై దాటితే చదవడం కష్టం. పాఠకబృందం పరిమాణాన్ని కొంతవరకు జెలటినే నిర్ణయించిందనడం అతిశయోక్తి కాదు. మన లిఖిత పత్రికల అనుభవం ఉన్నవారికి ఈ స్థితి కొత్తగా తోచదు.

ఈ అభిరుచి కాగితానికే పరిమితం కాలేదు. గెర్న్‌స్‌బాక్ పత్రిక 'వండర్ స్టోరీస్' సంపాదకుడు డేవిడ్ లాసర్, అందులో రాసే జి. ఎడ్వర్డ్ పెండ్రే మొదలైనవారు 1930లో న్యూయార్క్‌లో అమెరికన్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీని స్థాపించారు. వారి తొలి రాకెట్టులో వంటింటి సాస్‌పాన్, పానీయాలు కలిపే షేకర్ కూడా భాగాలయ్యాయి. ఇంధనం పెట్రోలు, ద్రవ ఆక్సిజన్. 1932 నవంబరులో దానిని నేలమీదే మండించి చూశారు. దానినే సరిచేసి రెండవ రాకెట్టుగా 1933 మే 14న స్టాటెన్ ఐలండ్‌లో ప్రయోగించగా, సుమారు 250 అడుగులు లేచాక ఆక్సిజన్ తొట్టి పేలిపోయింది. దీనిని పిల్లచేష్టగా కొట్టివేయడానికి లేదు. ఈ సంఘ సభ్యులు 1941లో నెలకొల్పిన రియాక్షన్ మోటార్స్ సంస్థ తయారుచేసిన ఇంజనే 1947లో బెల్ ఎక్స్-1 విమానాన్ని ధ్వనివేగం దాటించింది.

పేర్ల అసమానత 1939 జులైలో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఫారెస్ట్ అకర్‌మన్, మిర్టిల్ ఆర్. జోన్స్ భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వచ్చారు. 'థింగ్స్ టు కమ్' చలనచిత్రమూ చిత్రకారుడు ఫ్రాంక్ ఆర్. పాల్ బొమ్మలూ వాటికి ఆధారం. రెండు జతలనూ కుట్టింది జోన్స్. ఆమె ఎస్పెరాంటో అభిమాని; తన పొడి అక్షరాలను ఆ భాషలో పలికిన తీరునే 'మొరోజో' అని కలంపేరుగా పెట్టుకొంది. అకర్‌మన్‌తో కలిసి అభిమాన పత్రికకు సంపాదకత్వమూ వహించింది. వేషధారణ సంప్రదాయానికి ఆద్యుడన్న ఖ్యాతి మాత్రం చాలాకాలం అకర్‌మన్‌కే దక్కింది. సూది పట్టిన చేయి కన్నా వేదిక మీద కనిపించిన ముఖం ఎక్కువగా గుర్తుండిపోయింది. కుట్టుపనిని ఇంటిపనిగా, యంత్రం బిగించడాన్ని ఆవిష్కరణగా లెక్కించే అలవాటు కూడా ఇందుకు కారణం కావచ్చు.

ఫిలడెల్ఫియా సమావేశం 1953లో తొలిసారిగా పురస్కారాలను ప్రదానం చేసింది. వాటికి వాడుకలో స్థిరపడిన పేరు 'హ్యూగో', అంటే పరికరాలు అమ్మిన పత్రికాధిపతి పేరు. రాకెట్టు ఆకారపు ఆ జ్ఞాపికలకు మొదట కారు బానెట్ మీది అలంకారాన్ని వాడదామనుకొన్నారు, కుదరలేదు. చివరకు జాక్ మెక్‌నైట్ అనే యంత్రపనివాడు, తానూ అభిమానే, వాటిని లోహంతో స్వయంగా తయారుచేశాడు. ఆ పనిలో మునిగి సమావేశంలో అధికభాగానికి ఆయన హాజరు కాలేకపోయాడు.