ముట్టుకునే దొరసాని

ఉలి జారింది.

అతనికి తెలియలేదు. పొనికి చెక్కలోంచి చిలక ముక్కు తీస్తున్నాడు. బయట ముసురు. చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. గదినిండా తడి చెక్క వాసన, పొయ్యి మీద ఉడుకుతున్న చింతగింజల జిగురు వాసన. దీపం పెట్టడానికి వచ్చిన భార్య వంగి, అక్కడే ఆగిపోయింది. చిలక రెక్క ఎర్రగా ఉంది. ఇంకా రంగులు కలపనే లేదు.

"నెత్తురు కారుతున్నది. నొస్తలేదా?"

"ఏడ?" అన్నాడతను.

ఎడమచేతి చిటికెన వేలు ఎముక దాకా తెగి ఉంది. తిప్పి తిప్పి చూసుకున్నాడు. తన వేలే. మంట లేదు, సలుపు లేదు. ఆమె మాత్రం వేలు చూడడం లేదు. మోచేతి పైన పాలిపోయిన మచ్చ వంక చూస్తోంది. ఎన్నాళ్లుగానో ఉన్న మచ్చ. గజ్జి అనుకున్నారు, శోభి అనుకున్నారు. ఇప్పుడు ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

తెల్లారాక పటేల్ మనిషి అన్నాడు.

"పెద్దరోగం. పొద్దుగూకేలోపు ఊరు దాటాలె."

1916. నిర్మల్ పక్కన ఒక ఊరు. ఇతని పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ ఏళ్లలో ఊళ్లు తరిమేసిన ఎందరివో బతుకులు కలిపితే ఇతను. అప్పట్లో తీర్పు ఎక్కడైనా ఒకటే. ఊరవతల గుడిసె. బావి ముట్టొద్దు. బాటకు అడ్డం రావొద్దు. దినాం ఎవరో ఒకరు బండరాయి మీద గటక ముద్ద పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా పోతారు. కొన్నాళ్లు భార్యే తెచ్చింది. తర్వాత ఆమె పుట్టింటివాళ్లు ఆమెను తీసుకుపోయారు.

గుడిసెలో రాత్రులు భయంగా ఉండేవి. నక్కల వల్ల కాదు, ఎలకల వల్ల. నిద్రలో కాలివేళ్లు కొరికి పోయేవి. స్పర్శ లేని వేలు మనిషిని లేపదు. పొద్దున లేచి చూసుకుంటేనే తెలిసేది, నిన్న ఉన్నది ఇవాళ లేదని. అందుకే అతను పగలు పడుకుని రాత్రి కూర్చునేవాడు. అలా కూర్చున్న ఒక రాత్రి, బాట మీద ఎవరో కర్ర తాటించుకుంటూ వచ్చి గుడిసె ముందు నిలబడ్డారు. ముసలాయన. ముక్కు దూలం కుంగిపోయి ఉంది.

"ఇందూరు దాటినంక డిచ్‌పల్లి కాడ ఒక దొరసాని ఉన్నదట," అన్నాడు ముసలాయన. "మనసొంటోళ్లను ముట్టుకుంటదట."

"మందిస్తదా?"

"మందు సంగతి తెల్వది. ముట్టుకుంటదట."

మర్నాడు ఇద్దరూ నాగ్‌పూర్ రోడ్డు పట్టారు. సోన్ దగ్గరకు వచ్చేసరికి గోదావరి నిండుగా పారుతోంది. పుట్టి నడిపేవాడు వాళ్ల చేతులు చూశాడు. తెడ్డు ఎత్తి వెనక్కి జరిగాడు.

ఆ దొరసాని పేరు ఇసబెల్ కెర్. స్కాట్లండ్‌లో 1875లో పుట్టిన రైతుబిడ్డ. ఆడపిల్లలు డాక్టరీ చదవడమే వింతగా ఉన్న కాలంలో 1903లో అబర్డీన్ యూనివర్సిటీ నుంచి డాక్టరై బయటికి వచ్చింది. భర్త జార్జ్ వెస్లియన్ మిషన్ పాదిరి. 1907లో ఇద్దరూ నిజాం రాజ్యానికి వచ్చారు. మరుసటేడే మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. ఇందూరుకు నిజామాబాద్ అని పేరు పడి అప్పటికి రెండు మూడేళ్లు. అక్కడి మిషన్ దవాఖానకు జ్వరాలు వచ్చాయి, కాన్పులు వచ్చాయి, పాము కాట్లు వచ్చాయి. వాళ్లందరి వెనక, చెట్టు నీడ కూడా దాటి రాకుండా, ఇంకొందరు నిలబడేవాళ్లు. పిలిచినా దగ్గరికి రారు. వాళ్ల కోసం 1911లో ఒక చిన్న కేంద్రం తెరిచారు. అది చూస్తుండగానే నిండిపోయింది. ఇంకా వస్తూనే ఉన్నారు. పెట్టడానికి చోటు లేదు.

చోటుకు దారి చూపినవాడు క్రైస్తవుడు కాడు. రాజా నర్సాగౌడ్, హిందువు, ఇందూరు దాత. ఆయన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి లేచింది. యూరప్‌లో యుద్ధం మండుతోంది. సముద్రం మీద ఓడలు మునుగుతున్నాయి. లండన్ నుంచి మిషన్‌కు రావాల్సిన డబ్బు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అలాంటి ఏడాదిలో, నయం చేయడం తెలియని రోగానికి ఆసుపత్రి కట్టారు. ధైర్యం అంటే అదీ.

అవును. నయం చేయడం తెలియదు. గోదావరి ఒడ్డున కూర్చున్న ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

నది తీసేదాకా వాళ్లు ఒడ్డునే ఉన్నారు. చివరికి పుట్టివాడు ఒక తాడు నీళ్లలోకి విసిరాడు. పుట్టిలోకి ఎక్కనివ్వలేదు. ముందు పుట్టి, వెనక తాడు, తాడు పట్టుకుని మెడలోతు నీళ్లలో ఇద్దరు మనుషులు, పట్టు ఉందో జారిందో చెప్పలేని వేళ్లతో, తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, కళ్లతోనే దాన్ని కనిపెట్టుకుంటూ, ఇసుక కాళ్లకింద తగిలిందో లేదో తెలియక ఇంకా ఈదుతూనే అవతలి ఒడ్డు ఎక్కారు. ముసలాయన ఆర్మూర్ దాకా నడిచాడు. అక్కడ ఒక సత్రం అరుగు కింద పడుకుని, తెల్లారి లేవలేదు.

డిచ్‌పల్లి చేరింది ఒక్కడే.

మధ్యాహ్నం. ఎండ చిటచిటలాడుతోంది. దూరంగా గుట్ట మీద పాత రామాలయం గోపురం. ఇటు కొత్త సున్నం వాసన కొడుతున్న గోడలు. అతను గేటుకు అల్లంత దూరంలోనే ఆగి, అలవాటు కొద్దీ అరిచాడు.

"దగ్గరికి రాకుండ్రి! నాకు పెద్దరోగం!"

లోపలున్న పనివాడు చీపురు కూడా కింద పెట్టలేదు. "అది లేనోడు ఈడికెందుకొస్తడు? రా లోపటికి."

గదిలో బల్ల, కుర్చీ, కిటికీ. తెల్లచీర కాదు, పొడుగు గౌను. నుదుటి మీద చెమట. దుబాసీ చెప్పినట్టు అతను కళ్లు మూసుకున్నాడు. ఈకతో తాకుతారట. తగిలినప్పుడు చెప్పాలట. మూసుకున్న కళ్లతో ఎదురుచూశాడు. ఏమీ తగలలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడు. కళ్లు తెరిచి చూస్తే ఈక అతని అరచేతి మీదే ఉంది. ఆ అరచేతి కింద ఆమె చెయ్యి ఉంది. ఒట్టి చెయ్యి. చీముకట్టిన వేలిని పట్టుకుని వెలుతురులోకి తిప్పుతోంది.

ఆ స్పర్శ కూడా అతనికి తెలియలేదు. కళ్లతో చూశాడు. చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత అడగాల్సిన మాట అడిగాడు. "నయమైతదా?"

దుబాసీ ఆమె వైపు తిరిగాడు. ఆమె తల దించుకుంది.

అబద్ధం చెప్పడం తేలిక. ఆ రోజుల్లో మందు పేరుతో ఉన్నది ఒక్క చాల్‌మూగ్రా నూనె. తాగితే కడుపు తిప్పేసేది, పేగులు బయటికొచ్చేలా వాంతులు. కొందరికి కాస్త గుణం. చాలామందికి ఏమీ లేదు. అయినా అతను వెళ్లిపోలేదు. ఎందుకు వెళ్లలేదో ఆ మొదటి రాత్రి చూస్తే తెలుస్తుంది. కప్పు కారదు. తలుపు పడుతుంది. పుండు కడిగి కట్టిన గుడ్డ తెల్లగా ఉంది. ఎవరో పేరు పెట్టి పిలిచి, చేతికి అందించి అన్నం పెట్టారు. బండరాయి మీద కాదు.

సాయంత్రాలు ప్రార్థన. అతను గోడకు ఆనుకుని వెనక కూర్చునేవాడు. ఒకరోజు మార్కు సువార్త మొదటి అధ్యాయంలోని కుష్ఠురోగి కథ చదివారు. ఆ రోగి యేసు ముందు మోకరించి బతిమాలతాడు. యేసుకు జాలి కలిగి చెయ్యి చాపి ముట్టుకుంటాడు. ఆ తర్వాతే రోగం పోతుంది. అతను ఆ వరసను పట్టుకున్నాడు. ముందు ముట్టుకోవడం. తర్వాత నయం. తనకు మొదటిది అందింది. రెండోది అందుతుందో లేదో. మొదటిది చేసినవాడు తనను మళ్లీ బండరాయి దగ్గరికి తరమడని మాత్రం అతనికి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం మీద నిద్రపోయాడు. రాత్రిపూట, చాలా నెలల తర్వాత.

1918 వచ్చింది. వానలు మొహం చాటేశాయి. జొన్న కంకి పాలు పోసుకోకుండానే ఎండింది. దాని వెనకే ఇన్‌ఫ్లుయెంజా జ్వరం దిగింది. ఊళ్లలో మోసేవాళ్లు లేక శవాలు ఇళ్లలోనే ఉండిపోయిన కాలమది. మంచి ఒళ్లున్న కుటుంబాలే కుప్పకూలుతుంటే, ఊరు వదిలేసిన ఈ మనుషుల సంగతి ఏమిటి? ఇంకా ఎన్నాళ్లు పెడతారు? అతను అడగలేదు. అడిగినా జవాబు ఎవరి దగ్గరా లేదు. రేపటికి గింజలున్నాయా అని చూసుకోవడం, ప్రార్థన చేసుకోవడం, పుండ్లు కడగడం. రోజులు అలాగే గడిచాయి.

కబురు కలకత్తా నుంచి వచ్చింది.

అక్కడ లియొనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్, అదే నూనెను తాగించడం మాని సూదితో ఎక్కిస్తున్నారు. కడుపు తిప్పదు. ఆపకుండా నెలల తరబడి ఇవ్వొచ్చు. రోగం తొలిదశలో ఉన్నవాళ్లకి మచ్చలు తగ్గుతున్నాయి. ఇసబెల్ ఆగలేదు. డిచ్‌పల్లిలో సూదుల రోజులు మొదలయ్యాయి. చిక్కటి పసుపురంగు నూనె. వెచ్చజేస్తేనే సూదిలోంచి దిగుతుంది. గాజు సిరంజి, మరుగుతున్న నీళ్లు, వరండా పొడుగునా క్యూ. మందు దిగినచోట మంట, గడ్డ, ఒక్కోసారి జ్వరం. నొప్పికి మూలిగినవాళ్లను చూసి పక్కవాళ్లు సంతోషించేవాళ్లు. నొప్పి తెలుస్తోంది మరి!

ఒక పొద్దున అతను ముంజేతి మీద ఈగ వాలిందని విదిలించాడు. విదిలించాక గుర్తొచ్చింది, అది వాలినట్టు తనకు తెలిసిందని.

1923లో కెర్ దంపతులిద్దరికీ కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1924 క్రిస్మస్‌కి మెదక్‌లో ఇదే మిషన్ కట్టిన మహా చర్చిని ప్రతిష్ఠించారు, దాని గోపురాన్ని చూడడానికి జనం బండ్లు కట్టుకుని వెళ్లారు. అతను మాత్రం ఉత్తరానికి నడిచాడు. చేతిలో కాగితం. రోగలక్షణాలు లేవని రాసిన కాగితం.

పటేల్ దాన్ని ముట్టుకోలేదు. కింద పెట్టించి, పట్వారీ చేత చదివించాడు.

"కాయితం మంచిగనే ఉన్నది," అన్నాడు. "నువ్వు మాత్రం ఊరవతల్నే ఉండు."

అతను కాగితం తీసుకుని మడిచాడు. పోట్లాడలేదు. వెనుదిరిగి బాట పట్టాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. పుట్టింటి నుంచి కబురు అందుకుని వచ్చిన భార్య. చంకలో మూట.

"యాడికి?" అన్నాడు.

"నిన్ను ముట్టుకున్నామెను సూడాలె," అందామె.

వాళ్లు డిచ్‌పల్లికే వచ్చారు. ఉలి పట్టే చెయ్యి మళ్లీ రాలేదు, పోయిన వేళ్లు మొలవవు. సూదుల రోజు నూనె వెచ్చజేసే పొయ్యి దగ్గర కూర్చునేవాడు. ఇసబెల్ అప్పటికి దేశమంతా తిరుగుతోంది, ఈ వైద్యం చేయొచ్చని తోటి డాక్టర్లకు నచ్చజెబుతూ. తిరిగొచ్చినప్పుడల్లా అదే వరండా, అదే క్యూ.

1932 జనవరి 12. ఇసబెల్ చనిపోయింది. హఠాత్తుగా. యాభై ఆరేళ్లు. వార్డు నుంచి వార్డుకి వార్త పాకుతుంటే ఒక్కటే ప్రశ్న: ఇక మనల్ని ఎవరు చూస్తారు? జార్జ్ సామాను సర్దుకోలేదు. భార్య లేని డిచ్‌పల్లిలో ఇంకా కొన్నేళ్లు అలాగే ఉండిపోయాడు.

డిచ్‌పల్లిలో పనిచేసిన మరో మిషన్ డాక్టరు ఉన్నాడు. పేరు జాన్ లో. కుష్ఠుతో అతని పరిచయం ఈ నేల మీదే పెరిగింది. ఇక్కడి నుంచి కలకత్తా వెళ్లాడు, తర్వాత ఆఫ్రికాకి, నైజీరియాలోని ఉజువాకోలి కుష్ఠు కేంద్రానికి. 1940ల చివర్లో అక్కడ డాప్సోన్ అనే మందు అతని చేతికొచ్చింది. మనిషికి అది విషమని అప్పటికి డాక్టర్లు జంకుతున్నారు. జాన్ లో దాని మోతాదు బాగా తగ్గించి నోటి ద్వారా ఇచ్చి చూశాడు. రోగులు తట్టుకున్నారు. మచ్చలు వెనక్కి తగ్గాయి. కాచిన నూనె అక్కర్లేదు, సూది అక్కర్లేదు. చవక మాత్ర, పల్లెలో ఇంట్లో కూర్చుని మింగొచ్చు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు ప్రపంచంలో కుష్ఠురోగులకు ఇచ్చిన ప్రధానమైన మందు అదే.