చలి లేనిదే పూయని లైలాక్

పుట్టింటి నుంచి వస్తూ ఓ మల్లె అంటో, కరివేపాకు పిలకో తెచ్చుకోని ఆడవాళ్లు మనలో తక్కువే. డాలస్‌లోనో, అట్లాంటాలోనో ఉన్న మన పిల్లలు కరివేపాకును కుండీలో పెంచి, చలికాలం రాగానే ఇంట్లోకి మోసుకొస్తుంటారు. దీనికి సరిగ్గా తలకిందులైన కష్టం ఇంకొకటుంది. చలిదేశపు పువ్వును వేడి ఊళ్లో పూయించడం. ఆ పువ్వు లైలాక్.

లేత ఊదారంగులో గుత్తులు గుత్తులుగా పూసే వాసన పూల పొద ఇది. పుట్టిల్లు బాల్కన్ కొండలు. ఇస్తాంబుల్ తోటల్లో పెరిగిన ఈ మొక్కను సులేమాన్ సుల్తాను కొలువులో రాయబారిగా ఉన్న బుస్‌బెక్ 1560లలో వియన్నాకు చేర్చాడని చెబుతారు. అక్కడి నుంచి యూరపంతా పాకి, సముద్రం దాటింది. జెఫర్సన్ 1767లోనే వర్జీనియాలో నాటించాడు. పడమరకు తరలివెళ్లిన రైతు కుటుంబాలూ పిలకలు తవ్వి వెంట తీసుకెళ్లాయి. ఇళ్లు కూలిపోయిన పాత పొలాల్లో ఇప్పటికీ లైలాక్ పొదలు కనిపిస్తాయట. ఇల్లాలు పోయినా ఆమె నాటిన మొక్క మిగిలిందన్నమాట.

ఇంకా దక్షిణానికి వెళ్లినవాళ్లకు మాత్రం ఆకులే దక్కాయి. ఈ ఏడు పూసే మొగ్గ కిందటి ఏడు ఎండాకాలంలోనే కడుతుంది. తర్వాత నిద్రపోతుంది. ఆ నిద్ర తీరాలంటే వారాల తరబడి గడ్డకట్టే స్థాయికి దగ్గరగా ఉండే చలి కావాలి. చలి చాలకపోతే మొగ్గ సరిగా విచ్చుకోదు. పైగా గాలిలో తేమ ఎక్కువైతే ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు.

మొక్కను మార్చుకోవచ్చని చూపించినవాళ్లలో ఒక ఇల్లాలు ఉంది. ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో విక్టర్ లెమొయిన్ అనే నర్సరీ యజమాని 1870 యుద్ధ కాలంలో కొత్త రకాల లైలాక్‌ల పని మొదలుపెట్టాడు. ఆయనకు చూపు మందగించింది. అందుకని భార్య మేరీ లూయీ నిచ్చెన ఎక్కి, చిన్న చిన్న పూలలో పుప్పొడి అద్దింది. అన్ని పూలకు అద్దితే మొదట చేతికొచ్చినవి కొద్ది గింజలే. వాటితో మొదలై ఆ కుటుంబం రెండు వందలకు పైగా రకాలు సృష్టించింది. పేరు మాత్రం ఎక్కువగా ఆయనదే వినిపిస్తుంది.

వేడికి తట్టుకునే రకం కోసం కాలిఫోర్నియా దాకా రావాలి. లాస్ ఏంజెలెస్ దగ్గర మాంచెస్టర్ బాడీ అనే పత్రికాధిపతికి తోట ఉండేది. ఇప్పుడది డెస్కాన్సో గార్డెన్స్. అక్కడ పనిచేసిన వాల్టర్ లామర్ట్స్ చలి తక్కువైనా పూసే 'లావెండర్ లేడీ'ని తయారుచేశాడు. మన పెరళ్లకూ చేరిన 'క్వీన్ ఎలిజబెత్' గులాబీ కూడా ఆయన చలవే. చలి చాలని అక్కడ ఇంకో ఉపాయమూ ఉంది. శరదృతువులో నీళ్లు తగ్గించి మొక్కను నిద్రపుచ్చుతారు.

కాలిఫోర్నియాది పొడి వేడి. జార్జియా, లూసియానాలది ఉక్కపోత. అక్కడి వాళ్లు వేరే మొక్కలను దగ్గరకు తీశారు. ఎండాకాలమంతా గుత్తులుగా పూసే క్రేప్ మర్టిల్‌ను 'దక్షిణాది లైలాక్' అని పిలుచుకున్నారు. దానికీ బూడిద తెగులు బెడద ఉండేది. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో డొనాల్డ్ ఎగాల్ఫ్ జపాన్ జాతితో కలిపి తెగులును తట్టుకునే రకాలు తెచ్చాడు. 1978లో వచ్చిన తెల్లపూల 'నాచెజ్' వాటిలో ఒకటి. ఇంకో చెట్టు పేరు వింటే మీరు నవ్వుతారు. 'పర్షియన్ లైలాక్' అని వాళ్లు ముద్దుగా పిలిచింది మన తురకవేపనే! ఊదా పూలు, సన్నటి వాసన చూసి ఆ పేరు పెట్టారు. ఇప్పుడది అక్కడ అడ్డూ అదుపూ లేకుండా పెరిగి తలనొప్పిగా మారింది.

కొత్త ఊళ్లో పాత పువ్వు కోసం పడిన ఈ పాట్లలో నాకు రెండు దారులు కనిపించాయి. మేరీ లూయీలా ఓపిగ్గా మొక్కనే మార్చుకోవడం ఒకటి. ఆ నేల ఇష్టపడే మొక్కకు పాత పేరు పెట్టుకుని మురిసిపోవడం ఇంకొకటి. కాపురానికి ఊరు మారిన మనకు ఈ రెండూ తెలిసినవే కదా!