క్లచ్ వైరు పూర్వకథ

మోటారు సైకిలు క్లచ్‌ను మన వేళ్లకు లోబరచే సన్నని వైరుకు నూరేళ్లకు మించిన చరిత్ర ఉన్నది. 1896లో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ బ్రిటన్‌లో దీనికి పేటెంటు పొందారు. కడ్డీలు, మీటలు వంపు తిరగలేవు. చుట్టలు చుట్టిన తొడుగులో జారే తీగ ఎటైనా తిరుగుతుంది. అందులోని మర్మం అదే.

మన దేశంలో 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలసింది. జావా, ఎజ్డీలను తయారుచేసిన మైసూరు కర్మాగారం 1996లో మూతపడినా ఆ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నవి. పటాన్‌చెరు కర్మాగారానికి వేళకు చేరవలసిన చిట్కుల్ వాసికి అట్టి పాత బండి వైరు తెగితే ఆ పూట కూలికే ఎసరు. అందులోను హ్యాండిల్ ఎత్తు చేయించిన బండికి అంగడి వైరు పొట్టిదవుతుంది.

అప్పుడు కొత్తది కట్టించుకోవలసినదే. తొడుగును ఎంత పెంచితే లోతీగనూ అంతే పెంచాలి. వెలుపల మిగిలే తీగ నిడివి మాత్రం మారరాదు. అది తగ్గితే క్లచ్ జారుతుంది, పెరిగితే పూర్తిగా విడవదు. కొసన పోగులను బుడిపెలో విప్పి టంకం పోయాలి. లేకుంటే లాగుడుకు ఊడివస్తుంది.

కనుక తెగిన వైరును పారవేయక ముందు కొలిచి ఉంచుకొందాం. బౌడెన్ మర్మమంతా ఆ కొలతలోనే ఉన్నది.