పచ్చికబయలు - పలనాటి మెట్ట

నకరికల్లు ప్రాంతమున సాగరు కుడికాలువ పారుచున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగష్టులో కాలువలకు నీరు వదలిరి. వానకై మొగము వాచిన మెట్టచేలు తడిసెను. పైసీమల రైతులును వచ్చి బీళ్లు దున్నిరి. ఆ కొత్త కాపురముల కష్ట మెరిగినవారికి ఒక అమెరికా బాలల నవల ఇట్టే మనసున కెక్కును.

అది లారా ఇంగాల్స్ వైల్డర్ 1935లో ప్రకటించిన 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయరీ'. ప్రెయరీ యనగా పచ్చికబయలు. అందు తండ్రి దుంగలతో ఇల్లు కట్టును, బావి త్రవ్వును, ఇంటిల్లిపాదియు చలిజ్వరముతో మంచము పట్టుదురు. తుదకు ఆ యిల్లు విడిచి బండి యెక్కుదురు. ఏలయన, కాన్సస్‌లోని ఆ నేల ఓసేజి జాతివారిది. అచట మనుష్యులు లేరనియు, ఇండియనులే కలరనియు తొలిముద్రణమున నుండెను. ఒక పాఠకు లాక్షేపింపగా, 1953 ముద్రణమున 'మనుష్యులు' అనుచోట 'వలసవచ్చినవారు' అని దిద్దిరి.

మన కాలువకథకును ఇట్టి మరుగుపుట కలదు. కృష్ణలోయలో పుల్లారెడ్డిగూడెము మున్నగు పల్లెలు జలాశయమున మునిగెను. నాగార్జునకొండ శిథిలములు కొన్నింటిని కొండపైకి చేర్చి కాపాడిరి. పల్లెవారు మాత్రము ఇల్లు వాకిళ్లు విడిచి వేరుచోట్ల పొయ్యి రాజేసికొనిరి. వారి పొయ్యి చల్లారిన పిమ్మటనే మన పొలము తడిసినది.

పిల్లలకు ఆ నవల చదివి వినిపింపుడు. ఈ సంగతియు చెప్పుడు.