సంఘం షాట్

డప్పు ముందు వినిపించింది. బండ్లు తర్వాత కనిపించాయి.

జహీరాబాద్ దగ్గర ఝరాసంగం మండలంలో ఓ ఊరు. పొద్దు వాలింది. చలి ఇంకా వదల్లేదు. ఎద్దుల గిట్టల కింద ఎర్రమట్టి దుమ్ము లేస్తోంది. కొమ్ములకు రంగులు, బండ్లలో విత్తనాల కుండలు. కొర్ర, సామ, తైద, జొన్న, కంది. సంక్రాంతి నాడు కదిలి, దాదాపు నెలపాటు ఊరూరూ తిరిగే పాత పంటల జాతర ఇది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. కోలాటం లేచింది. వేదిక లేదు, టికెట్టు లేదు. కాసేపటికి ఆడేదెవరో, చూసేదెవరో తెలీకుండా పోయింది. జాతర రోజుల్లో ఏ శనివారమైనా ఇంతే. చీకటి పడగానే తెల్లగుడ్డ కట్టారు.

సినిమా. హీరో లేడు, ఫైట్లు లేవు. తెర నిండా పత్తి చేను.

"గిది మన దిక్కు కాదే!" వెనక నుంచి ఎవరో అరిచారు.

కాదు. వరంగల్. 2002 వానాకాలం. ఆ ఏడాది మార్చిలోనే జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి కేంద్రం అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు. మామూలు హైబ్రిడ్ విత్తనమైతే 450 రూపాయలకే దొరికేది. అయినా కొన్నారు. కాయతొలిచే పురుగు పీడ విరగడవుతుందని, మందుల ఖర్చు మిగులుతుందని ఆశ. గట్టు మీద నిలబడి ఆ ఆశను కెమెరాకెక్కించింది జహీరాబాద్ నుంచి వెళ్లిన ఆడవాళ్లు. చేను పచ్చగా ఉంది. తీసుకుని ఇంటికొచ్చేస్తే కథ అక్కడితో సుఖాంతం.

వాళ్లు మళ్లీ వెళ్లారు.

బస్సులెక్కి దిగి, కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని, అవే ఊళ్లకు, అవే చేలకు, అవే రైతుల దగ్గరకు, మొక్క మోకాలెత్తున ఉన్నప్పుడూ, పూత మీదున్నప్పుడూ, కాయ కట్టినప్పుడూ, దూది ఇంటికి చేరి లెక్కలు తేలినప్పుడూ వెళ్తూనే ఉన్నారు. ఒక్కో విడతకీ రైతుల మాట మారింది. కాయ చిన్నది. దిగుబడి తగ్గింది. రేటు రాలేదు. చివరికి మిగిలింది కోపం.

ఇంతకీ కెమెరా వెనకున్నదెవరు? దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల సభ్యులు. ఎక్కువమంది దళిత మహిళలు. బడి మొహం చూడనివాళ్లు, కూలికెళ్లి బతికినవాళ్లు. 1983లో ఆ సంస్థను మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. తీసేవాడికి ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎంత అధికారం ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. కెమెరా వీళ్ల చేతికొచ్చింది. పాఠం మాత్రం ఈ ఆడవాళ్లే తిరగరాశారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. కళ్లకు కళ్లు ఎదురుగా ఉంటే సంఘం షాట్. ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో పుస్తకాలకొద్దీ చెప్పే సంగతి ఇంతే కదా! 2001లో వీళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. మరుసటేడే వరంగల్ పత్తి.

బీటీ మీద రైతుల కోపమెందుకని అడిగే సినిమా 2003లో వచ్చింది. ఒక్క సీజన్‌తో తేల్చేస్తారా అన్న ప్రశ్న మిగిలే ఉంది. అయితే మూడు సీజన్లు. ఇంకో సినిమా. అది 2005. ఆ ఏడాది మే నెలలోనే మొదటి మూడు బీటీ రకాలకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించేది లేదని కేంద్ర కమిటీ తేల్చేసింది. సినిమా వల్లేనా? అలాగని ఎవరూ రాసివ్వలేదు. చేలల్లో నష్టాలున్నాయి, అధ్యయనాలున్నాయి, రోడ్డెక్కిన రైతులున్నారు. తర్వాత కొత్త బీటీ రకాలొచ్చి దేశంలో పత్తి చేలను దాదాపు మొత్తం కమ్మేశాయి కూడా. తెర మీద ఆ రైతులు మాత్రం అట్లాగే మాట్లాడుతున్నారు.

ఇక్కడ, ఈ చలిలో, గొంగడి కప్పుకున్న పెద్దావిడ ఊరుకోలేకపోయింది.

"పత్తి తింటరానే? జొన్న ఎయ్యరాదు!"

నవ్వులు. అరుపులు. పత్తేసిన వాడొకడు లేచి జవాబు చెప్పబోయాడు. సినిమా సగంలో ఉంది. గొడవ అప్పుడే మొదలైంది.

మర్నాడు ఆదివారం. ఇదే మండలంలోని మాచునూర్. సంఘం రేడియో, 90.4. 1998లోనే స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. పదేళ్లపాటు క్యాసెట్లు సంఘాలకు పంచి వినిపించారు. 2008 అక్టోబరు 15న జస్టిస్ పి.బి. సావంత్ ప్రారంభించాకే గొంతు గాల్లోకి వెళ్లింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు రాసిన న్యాయమూర్తి ఆయనే. రేడియోలో మాట్లాడే ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మల గొంతులు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి మనుషుల గొంతులంత పరిచయం. రేడియోకు రోజూ పాటలు కావాలి, సామెతలు కావాలి, పంట కబుర్లు కావాలి. అన్నింటికీ మించి నోరున్న మనుషులు కావాలి.

రాత్రి గొడవ పెట్టుకున్న పెద్దావిడను వెతుక్కుంటూ రికార్డరు వచ్చింది. ఆమె చేన్లో ఉంది. కొడవలి ఆపలేదు.

"ఇప్పుడు గాదు. పొద్దూకినంక రాండ్రి. ఆ పత్తేసినోన్ని గూడ తోల్కరాండ్రి."