శాంతి సేనల లెక్కల్లో స్త్రీలెక్కడ?

ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళాల చరిత్రను ఎక్కువగా సైనికాధికారులు, దౌత్యవేత్తలే రాశారు. ఎంతమంది సైనికులు వెళ్ళారు, ఎన్ని తుపాకులు స్వాధీనమయ్యాయి, ఎన్నికలు ఎప్పుడు జరిగాయి అన్న లెక్కలతోనే ఒక మిషన్ గెలిచిందనో, ఓడిందనో తీర్పు చెప్పేస్తారు. ఆ లెక్కలు అబద్ధమని నేననను. కానీ వాటిలో స్త్రీలెక్కడున్నారని అడిగితే, గెలుపోటముల కారణాలు కూడా కొంత వేరుగా కనిపిస్తాయి. రువాండా, లైబీరియా అనుభవాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

1993 ఆగస్టులో అరూషాలో రువాండా ప్రభుత్వానికీ, తిరుగుబాటుదారులకూ ఒప్పందం కుదిరింది. దాని అమలు కోసం భద్రతా మండలి అక్టోబరులో ఒక దళాన్ని ఏర్పాటు చేసింది. కెనడాకు చెందిన రోమియో డలేర్ దాని సేనాధిపతి. ఆయన చేతిలో ఉన్నది సుమారు 2,500 మంది. కిగాలిలో ఆయుధాలు దాచారని 1994 జనవరిలో సమాచారం అందితే, వాటిని పట్టుకుంటానని ఆయన న్యూయార్క్‌కు రాశాడు. అది అధికార పరిధిలో లేదని జవాబొచ్చింది. ఏప్రిల్‌లో మారణహోమం మొదలైంది.

ఏప్రిల్ 7న మొదట హత్యకు గురైనవారిలో ప్రధానమంత్రి అగాథె ఉవిలింగియిమానా ఒకరు. ఆమె ఒకప్పుడు రసాయనశాస్త్రం బోధించిన హుటూ స్త్రీ, ఆ దేశపు తొలి మహిళా ప్రధాని. ఆ ఉదయం రేడియోలో ప్రజలతో మాట్లాడాలనుకుంది. ఆమె రక్షణకు వెళ్ళిన పదిమంది బెల్జియం సైనికులనూ చంపేశారు. బెల్జియం తన సేనను వెనక్కి పిలిపించుకుంది. ఏప్రిల్ 21న భద్రతా మండలి మొత్తం దళాన్ని 270 మందికి కుదించింది. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది హతులయ్యారు.

ఈ ఓటమికి చరిత్రకారులు చెప్పే కారణాలు తెలిసినవే. ఒప్పందాన్ని పాలకవర్గంలోని అతివాదులు మనసారా ఒప్పుకోలేదు. దళానికి బలం, అధికారం రెండూ చాల్లేదు. 1993 అక్టోబరులో మొగదిషులో 18 మంది అమెరికా సైనికులు చనిపోయాక, మరో ఆఫ్రికా దేశంలో వేలు పెట్టడానికి అగ్రరాజ్యాలు సిద్ధంగా లేవు. ఇవన్నీ నిజాలే. సాహిత్య విద్యార్థినిగా నేను మరొకటి చేరుస్తాను. 1990 డిసెంబరులో 'కంగురా' పత్రిక ప్రచురించిన 'హుటూల పది ఆజ్ఞల్లో' మొట్టమొదటిది టుట్సీ స్త్రీల గురించే. వాళ్ళను పెళ్ళాడినా, ఉద్యోగంలో పెట్టుకున్నా ఆ హుటూ పురుషుడు ద్రోహి అని దాని సారాంశం. అగాథె మీద అతివాద పత్రికలు అశ్లీలమైన కార్టూన్లు వేశాయి. దాచిన ఆయుధాల సంగతి తెలియాలంటే వేగులు కావాలి. ఈ రాతలు మాత్రం బజార్లో అమ్ముడుపోయాయి. స్త్రీల శరీరాల మీద యుద్ధం ముందుగా అచ్చులోనే మొదలైంది. దాన్ని ప్రమాద సూచికగా చదివే చూపు ఆ మిషన్‌కు లేదు.

తర్వాత న్యాయస్థానంలోనూ ఇదే జరిగింది. మేయరు అకయేసు మీద మొదటి అభియోగపత్రంలో అత్యాచారాల ప్రస్తావనే లేదు. సాక్షులుగా వచ్చిన స్త్రీలు నోరు విప్పాక 1997లో దాన్ని సవరించారు. అత్యాచారం కూడా మారణహోమంలో భాగం కాగలదని 1998లో తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ, తమిళ మూలాలున్న దక్షిణాఫ్రికా న్యాయమూర్తి నవనీతం పిళ్ళై.

ఇక లైబీరియా. 1989 నుంచి రెండు విడతలుగా సాగిన అంతర్యుద్ధంతో విసిగిన క్రైస్తవ, ముస్లిం స్త్రీలు 2003లో తెల్లబట్టలు కట్టుకుని మన్రోవియా చేపల మార్కెట్ దగ్గర కూర్చున్నారు. లేమా గ్బోవీ వాళ్ళ నాయకురాలు. అక్రాలో చర్చలు సాగదీస్తున్న యుద్ధనాయకులను బయటికి రానివ్వకుండా హాలు ద్వారాలకు అడ్డంగా బైఠాయించారు. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. సెప్టెంబరులో భద్రతా మండలి 15 వేల మంది సైనికులతో మిషన్‌ను ఆమోదించింది. లైబీరియా జనాభా అప్పుడు ముప్ఫై లక్షల పైచిలుకు. దానికి రెట్టింపు జనమున్న రువాండాకు దక్కింది 2,500 మందే.

ఇక్కడ కూడా ఆరంభం బాగోలేదు. డిసెంబరులో మొదలుపెట్టిన నిరాయుధీకరణ అల్లర్లతో ఆగిపోయి, 2004 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలైంది. ఈసారి ఒక ముఖ్యమైన మార్పు కనిపించింది. పొరుగున సియెర్రా లియోన్‌లో తుపాకి చూపించినవారే యోధులు. వంటలు చేసిన, మోతలు మోసిన, 'భార్యలు'గా ఎత్తుకుపోబడిన స్త్రీలు అందులోకి రాలేదు. అక్కడ 70 వేలకు పైగా నమోదైతే స్త్రీలు 5 వేల లోపే. లైబీరియాలో ఆ నిబంధన సడలించారు. లక్ష దాటిన జాబితాలో 20 వేలకు పైగా స్త్రీలకు చోటు దొరికింది. ఎవరిని సైనికులంటాం అన్న నిర్వచనం మారితే, పునరావాసం ఎవరికి అందుతుందన్నదీ మారుతుంది.

2006లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అధ్యక్షురాలైంది. 2007లో మన సి.ఆర్.పి.ఎఫ్. నుంచి వందమందికి పైగా మహిళా పోలీసులు అక్కడికి వెళ్ళారు. పూర్తిగా స్త్రీలతో కూడిన మొదటి సమితి పోలీసు దళం అదే. 2016 దాకా విడతలవారీగా పనిచేశారు. వాళ్ళను చూసి లైబీరియా యువతులు పోలీసు ఉద్యోగాల వైపు వచ్చారన్నది సంతోషించదగ్గదే. కానీ స్త్రీలు స్వతహాగా శాంతమూర్తులు అనే పొగడ్తతో జాగ్రత్తగా ఉండాలి. ఆ పొగడ్త మనల్ని యూనిఫారంలో అలంకారంగా నిలబెట్టి, నిర్ణయాలు మాత్రం పాతచేతుల్లోనే ఉంచుతుంది.

2018 మార్చిలో మిషన్ ముగిసింది. యుద్ధం తిరిగి రాలేదు. అంతర్యుద్ధాలను పరిశీలించిన వర్జీనియా పేజ్ ఫోర్ట్నా 2008 నాటి పుస్తకంలో చెప్పింది కూడా ఇదే. ఈ దళాలు కష్టమైన చోట్లకే వెళ్తాయి, అయినా అవి ఉన్నచోట శాంతి ఎక్కువకాలం నిలుస్తుంది. కాబట్టి ఈ వ్యవస్థను కొట్టిపారేయలేం.

అయితే ఈ విజయాన్ని లైబీరియా స్త్రీల వైపు నుంచి చూస్తే? తిండి కోసం, డబ్బు కోసం స్త్రీలను లొంగదీసుకున్న శాంతి సైనికుల మీద ఫిర్యాదులొచ్చాయి. వాళ్ళను శిక్షించే అధికారం సమితిది కాదు, వాళ్ళ స్వదేశాలది. చార్లెస్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ళ శిక్ష పడింది సియెర్రా లియోన్‌లో జరిగిన నేరాలకు. మిషన్ వెళ్ళిపోయే నాటికి లైబీరియా కోర్టులు ఒక్క యుద్ధనేరం కేసూ విచారించలేదు.

తుపాకులు మూగబోవడం శాంతికి మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కించడంలో లైబీరియా మిషన్ గెలిచింది, రువాండా మిషన్ ఓడిపోయింది. ఒప్పందం కోసం ఎండలో కూర్చున్న స్త్రీకి న్యాయం అడిగే చోటు దొరికిందా అన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా మిగిలే ఉంది. గెలుపోటముల చరిత్ర రాసేటప్పుడు ఆ ప్రశ్నను కూడా ఒక కొలమానంగా పెట్టుకోవడం మన పని.