జాబితా అడుగున

పొద్దున తొమ్మిదిన్నర. ఫీనిక్స్ శివార్లలోని గ్లెండేల్‌లో, కామెల్‌బ్యాక్ రాంచ్ మైదానాల మధ్య కాలిబాట మీద నడుస్తున్నారు మీరు. 2025 ఫిబ్రవరి. ఎండ కళ్లలో పడుతోంది గానీ ఎడారి చలి ఇంకా వదల్లేదు. మలుపు తిరగకముందే చప్పుడు వినిపిస్తుంది. తోలు గ్లవ్‌లో బంతి పడే చప్పుడు, ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా. మలుపు దాటితే వరసగా మట్టి దిబ్బలు, దిబ్బకొక పిచర్, అరవై అడుగుల ఆరంగుళాల అవతల గొంతుక్కూచున్న క్యాచర్లు. అడ్డంగా ఒక తాడు. దానికి ఇవతల మీరు, మీలాంటి జనం.

ఇది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ శిబిరం. నిరుడు అక్టోబర్ 30న యాంకీస్‌ని వాళ్ల సొంత మైదానంలో ఓడించి వరల్డ్ సిరీస్ ఎత్తుకొచ్చిన జట్టు. మార్చి 18న టోక్యోలో చికాగో కబ్స్‌తో కొత్త సీజన్ మొదలవుతుంది. ఈలోపల తేలాల్సినవి ఎన్నో ఉన్నాయి, మీరు వచ్చింది మాత్రం ఒక్క ప్రశ్న కోసం. ఈ బుల్‌పెన్‌లో, అంటే ఆట మధ్యలో బంతి అందుకునే రిలీవర్ల దళంలో, ఎందరి దాకా నమ్మొచ్చు?

మీ పక్కన ఒక తండ్రి, కొడుకు. చాండ్లర్ నుంచి వచ్చిన తెలుగువాళ్లు. పిల్లాడు దిబ్బల వరస చూసి, "నాన్నా, వీళ్లందరూ ఆడతారా?" అంటాడు. "అందర్నీ ఎలా ఆడిస్తారురా, రిలీవర్లకి మహా అయితే ఎనిమిది చోట్లు" అంటాడు తండ్రి. లెక్క సరైనదే. జట్టులో 26 మంది, అందులో పిచర్లు 13కి మించకూడదు. ఆట మొదలుపెట్టే స్టార్టర్లు అయిదుగురు పోతే మిగిలింది ఎనిమిది. యమమోటో, సాసాకి జపాన్‌లో వారానికొకసారి వేయడానికి అలవాటు పడినవాళ్లు కాబట్టి ఈ జట్టు ఆరుగురు స్టార్టర్లని నడపాలనుకుంటోంది. ఆరో స్టార్టర్ దిగిన ప్రతి వారం బుల్‌పెన్‌లో ఒక కుర్చీ తగ్గుతుంది.

క్రికెట్ చూసి పెరిగిన మనకి ఇక్కడ ఒక్క నియమం బాగా తలకెక్కాలి. బుమ్రా చేత రెండు ఓవర్లు వేయించి, ఆపి, చివర్లో మళ్లీ బంతి చేతికివ్వొచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి మౌండ్ దిగి పక్కకెళ్లిన పిచర్ ఆ రోజుకి అయిపోయినట్టే. పైగా 2020 నుంచి, వచ్చిన రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. అందుకే వెనకాల ఎవరు మిగిలారన్నది మేనేజర్ డేవ్ రాబర్ట్స్‌ని ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నిద్రపోనివ్వని ప్రశ్న.

ముందు పెద్ద పేర్లు చూడండి, జనమంతా అటే ఒరుగుతున్నారు. ఎడమచేతి వాటం టానర్ స్కాట్. జనవరిలో నాలుగేళ్లకి 72 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. నిరుడు పాడ్రెస్ తరఫున ఇదే జట్టు మీద ఆడుతూ దీని తార ఓహ్తానీని పదేపదే స్ట్రైకౌట్ చేసినవాడు. అతని బంతి గంటకి 97 మైళ్లు పోతుంది. తాడు దగ్గర నిలబడితే బంతి కనపడేది వదిలినప్పుడూ గ్లవ్‌లో పడ్డాకే, మధ్యలో ఏం జరిగిందో కన్ను పట్టుకోలేదు. అతనికి అవతల దిబ్బ మీద కర్బీ యేట్స్, వచ్చే నెల 38 నిండుతాయి, ఏడాదికి 13 మిలియన్లు. అంత వేగం లేదు, ఆయుధం స్ప్లిటర్. ఫాస్ట్‌బాల్ లాగే వచ్చి ప్లేటు ముందు అమాంతం కిందికి కుంగిపోతుంది. నిరుడు టెక్సస్ రేంజర్స్‌లో 33 సేవ్‌లు, అంటే చివర్లో వచ్చి ఆధిక్యం కాపాడిన ఆటలు, ఈఆర్ఏ 1.17. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఒక పరుగు చిల్లర ఇచ్చాడన్నమాట. ఆ పక్కన బ్లేక్ ట్రైనెన్, మళ్లీ రెండేళ్లకి సంతకం చేశాడు. వరల్డ్ సిరీస్ ఆఖరి ఆటలో స్టార్టర్ రెండో ఇన్నింగ్స్‌లోనే చేతులెత్తేస్తే, 42 బంతులు వేసి జట్టుని తొమ్మిదో ఇన్నింగ్స్ గుమ్మం దాకా చేర్చింది ఇతనే.

ఈ ముగ్గుర్నీ చూసి చాలామంది నోట్‌బుక్ మూసేస్తారు. మీరు మూయకండి.

వీళ్ల వెనక ఒకాయన చేతులు కట్టుకుని నిలబడి, బంతిని కాదు, భుజాలని చూస్తున్నాడు. పిచింగ్ కోచ్ మార్క్ ప్రయర్. 2003లో కబ్స్‌కి 18 విజయాలు తెచ్చిన కుర్రాడు. గాయాల మీద గాయాలు పడి, 2006లో పాతికేళ్ల వయసుకే మేజర్ లీగ్ ఆట అయిపోయింది. చెయ్యి అనేది ఎంత నమ్మరాని వస్తువో ఈ శిబిరంలో ఆయన కంటే ఎక్కువ ఎవరికి తెలుస్తుంది? ఒక్కో బంతికీ వేగం, తిరుగుడు, ఎన్ని అంగుళాలు కోసుకుపోయిందీ ట్యాబ్లెట్ తెర మీద పడుతూనే ఉన్నాయి. ఆయన మాత్రం భుజాలనే చూస్తున్నాడు.

మరి ఈ వరసలో లేనివాళ్లెవరు? బ్రుస్డార్ గ్రటెరాల్ నవంబర్‌లో భుజానికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. నిరుడు ఎన్నో ఆటలు భుజం మీద మోసిన ఎవన్ ఫిలిప్స్‌కి అదే భుజంలో చిరుగు, పూర్తి వేగంతో వేయడానికి ఇంకా వారాలు పడుతుంది. మైకేల్ కోపెక్ చెయ్యి కూడా ఇంకా సిద్ధంగా లేదు. కోపెక్ సంగతి చెప్పాలంటే, ఈ ప్రాంగణాన్ని డాడ్జర్స్, చికాగో వైట్ సాక్స్ పంచుకుంటాయి. ఏడాది కిందట ఇదే ఫిబ్రవరిలో అతను చెరువుకి అవతలి ఒడ్డున, వైట్ సాక్స్ చొక్కాలో బంతులు వేశాడు. జులైలో బదిలీ అయి ఇవతలి ఒడ్డుకొచ్చాడు. అంటే నిరుడు ఫిబ్రవరిలో వేసిన లెక్కలో అతని పేరే లేదు.

ఇక్కడ ఆగి కాగితం మీద కూడిక వేయండి. సీజన్‌కి 162 ఆటలు, సుమారు 1,450 ఇన్నింగ్స్. ఈ రోజుల్లో స్టార్టర్ ఆటకి అయిదు ఇన్నింగ్స్ చిల్లర దాటడు. అంటే 850 దాకా వాళ్లవి. మిగిలిన 600 బుల్‌పెన్ మోయాలి. ఒంట్లో బాగున్న రిలీవర్ ఏడాదికి వేసేది అరవై. ఎనిమిది మందీ ఒక్కరోజు కూడా మంచం పట్టకుండా వేసినా 480. ఇంకో 120 ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు? అదీ ఎవరికీ దెబ్బ తగలకపోతే. ఫిలిప్స్, కోపెక్, గ్రటెరాల్ ముగ్గురూ ఇప్పటికే పక్కన కూచున్నారు. నిరుడు ఈ జట్టు మౌండ్ ఎక్కించినవాళ్లు దాదాపు 40 మంది.

ఆ 120 ఇన్నింగ్స్ కోసమే మీరు వచ్చారు. బుల్‌పెన్ బలం తొమ్మిదో ఇన్నింగ్స్ వేసేవాడి జీతంలో కనిపించదు. జాబితాలో పదో పేరు, పదిహేనో పేరు ఎవరిదన్న దాంట్లో ఉంటుంది. అందుకని ఆ తాడు వెంబడే ఇంకాస్త ముందుకి నడవండి. జనం పలచబడతారు.

ఇక్కడ బంతులేస్తున్నవాళ్ల వీపు మీది అంకెలు పెద్దవి, డెబ్బైలు, ఎనభైలు. చోటు ఖాయం కానివాళ్లకి ఇచ్చే అంకెలు. పొడుగ్గా, సన్నగా, ఎడమచేత్తో వేస్తున్నవాడు జాక్ డ్రయర్. అయోవా విశ్వవిద్యాలయం. 2021 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. ఇప్పటికి మేజర్ లీగ్‌లో ఒక్క బంతి వేయలేదు. మోకాళ్ల ఎత్తులో క్యాచర్ గ్లవ్ పెట్టిన చోటే పెట్టినట్టు పడుతున్నాయి బంతులు, గ్లవ్ కదలడం లేదు. గ్లవ్ కదలకపోవడం చూడటం నేర్చుకోండి, శిబిరంలో వేగం కంటే అదే ఎక్కువ చెబుతుంది. అవతల బెన్ కాస్పారియస్. నిరుడు ఆగస్టుకి మైనర్ లీగ్ ఆటగాడు, అక్టోబర్ 29న వరల్డ్ సిరీస్ నాలుగో ఆట మొదలుపెట్టిన పిచర్. ఒక ఇన్నింగ్స్ వేసి కూచునేవాడు కాదు, మూడు వేయమన్నా వేస్తాడు. వర్షంలా పరుగులొచ్చిన రాత్రి మిగతా ఏడుగురి చేతుల్నీ కాపాడేది ఇలాంటివాడే. వీళ్లకి తోడు ఆంతొనీ బాండా. జట్టు తర్వాత జట్టు తిరిగి, క్లీవ్‌లాండ్ నుంచి కాస్త నగదుకి ఇక్కడికి చేరిన ఎడమచేతివాడు. మైనర్ లీగ్ ఒప్పందం మీద వచ్చి అదృష్టం పరీక్షించుకుంటున్న లూయిస్ గార్సియా.

నెత్తి మీద ఉరుము లాంటి మోత. పక్కనే ఉన్న లూక్ వైమానిక స్థావరం నుంచి యుద్ధవిమానాలు. అందరూ పైకి చూస్తారు, డ్రయర్ చూడడు.

డ్రయర్‌కీ కాస్పారియస్‌కీ ఉన్నది, స్కాట్‌కి లేనిది ఒకటుంది. వాళ్లని ఎప్పుడంటే అప్పుడు కిందికి, ట్రిపుల్-ఏ స్థాయిలోని ఓక్లహోమా సిటీ జట్టుకి పంపొచ్చు. ఆప్షన్ అంటారు దాన్ని. ఒక రాత్రి మూడు ఇన్నింగ్స్ వేసి చెయ్యి అలిసిపోయినవాణ్ని తెల్లారి ఓక్లహోమా విమానం ఎక్కిస్తారు, అక్కణ్నుంచి తాజా చెయ్యిని రప్పిస్తారు. ఒక సీజన్లో ఒకణ్ని అయిదుసార్లకి మించి అలా దించకూడదు. దిగిన పిచర్ పదిహేను రోజుల దాకా పైకి రాకూడదు, ఎవరికైనా గాయమైతే తప్ప. జట్టుకిది గొప్ప వెసులుబాటు. ఆ కుర్రాడి వైపు నుంచి చూడండి. ఏడాదంతా మేజర్ లీగ్‌లో ఉంటే 2025లో కనీస జీతం 7,60,000 డాలర్లు, కానీ అది రోజుల లెక్కన వస్తుంది, దిగిన రోజు నుంచి ఆగిపోతుంది. అంటే బాగా వేసిన మర్నాడే, బాగా వేసినందుకే, పెట్టె సర్దుకోవాలి. బుల్‌పెన్ లెక్కలు రాసేవాళ్లు ఈ కుర్రాళ్లని 'డెప్త్' అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు మింగుడుపడదు. ఆ 120 ఇన్నింగ్స్ వీళ్ల భుజాల్లోంచి వస్తాయి.

వెనక్కి తిరిగి వస్తుంటే స్టార్టర్ల మైదానం. బ్లేక్ స్నెల్, గ్లాస్నో, యమమోటో, కొత్తగా వచ్చిన సాసాకి. బుల్‌పెన్ లెక్కలో వీళ్లనెవరూ కలపరు, కలపాల్సిన అవసరం ఫిబ్రవరిలో కనిపించదు. కానీ అదే ఏడాది నవంబర్ 1న టొరంటోలో, వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో, డాడ్జర్స్ ఆరుగుర్ని వాడతారు. ఓహ్తానీ, రొబ్లెస్కీ, గ్లాస్నో, షీహన్, స్నెల్, యమమోటో. ముందు రోజు 96 బంతులు వేసిన యమమోటో మళ్లీ వచ్చి, చివరి రెండు ఇన్నింగ్స్ మీద రెండు ఔట్లు తెస్తాడు, 11 ఇన్నింగ్స్‌లో 5-4. ఇందాక జనం తాడు మీద ఒరిగి చూసిన ముగ్గురిలో ఒక్కరూ ఆ ఆటలో ఉండరు. అప్పటికి స్కాట్ పది సేవ్‌లు చేజార్చుకుని, అక్టోబర్ మొత్తం ఒక్క బంతీ వేయలేదు. ఫిలిప్స్ మోచేతికి జూన్‌లో టామీ జాన్ శస్త్రచికిత్స. స్టార్టర్‌గా వచ్చిన సాసాకి భుజం నొప్పితో నెలల తరబడి ఆగి, చివరికి తొమ్మిదో ఇన్నింగ్స్ వేస్తున్నాడు. అంతా తారుమారు.

ఒక్క రాత్రి మాత్రం పూర్తిగా చూడాలి. అక్టోబర్ 27, డాడ్జర్ స్టేడియం, టొరంటో బ్లూ జేస్‌తో అదే సిరీస్ మూడో ఆట. 5-5 దగ్గర ఆగి కదలడం లేదు. పదో ఇన్నింగ్స్, పదకొండు, పన్నెండు. గ్లాస్నో ఎప్పుడో దిగిపోయాడు. బాండా, రొబ్లెస్కీ, ట్రైనెన్, డ్రయర్, సాసాకి, షీహన్ వచ్చి వెళ్లారు. ఈ ఏడాదితో ఆట మానేస్తానన్న కెర్షా పన్నెండో ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండి ఉండగా వచ్చి ఒక్క ఔట్ తీసుకుని వెళ్లాడు. ఎడ్గార్డో ఎన్రీకెజ్ రెండు ఇన్నింగ్స్ సున్నా పరుగులతో నెట్టాడు. కుటుంబంలో వచ్చిన పెద్ద కష్టం వల్ల రిలీవర్ అలెక్స్ వేసియా ఈ సిరీస్‌లో లేడు. పదిహేనో ఇన్నింగ్స్‌కి బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటే బయటికొచ్చినవాడు విల్ క్లైన్.

ఫిబ్రవరిలో గ్లెండేల్‌లో మీరెంత వెతికినా అతను దొరికేవాడు కాదు. అప్పుడతను సియాటిల్ మెరైనర్స్ మనిషి, వాళ్ల శిబిరం ఆ పక్క ఊరు పియోరియాలో. జూన్‌లో వాళ్లు వదులుకుంటే డాడ్జర్స్ చిన్న బదిలీలో తీసుకున్నారు. అప్పట్నుంచి ఓక్లహోమాకీ లాస్ ఏంజెలెస్‌కీ మధ్య తిరిగాడు. ప్లేఆఫ్స్ మొదటి మూడు రౌండ్లకీ జాబితాలో పేరు లేదు. ఈ రాత్రి పదో పిచర్. వెనకాల ఇక రిలీవర్ లేడు.

మొదటి ఇన్నింగ్స్ సున్నా. రెండోది సున్నా. మీ చుట్టూ జనం గొంతులు పోయాయి, అయినా ప్రతి రెండు స్ట్రైకులకీ లేస్తున్నారు. మూడోది సున్నా. పద్దెనిమిదో ఇన్నింగ్స్‌కి మళ్లీ అతనే. బంతి పట్టు జారుతోంది, వాకులు, బేస్‌ల మీద రన్నర్లు. బుల్‌పెన్ వైపు చూస్తే ఎవరో లేచి చెయ్యి వేడెక్కించుకుంటున్నారు. రెండు రోజుల కిందట తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కడే వేసిన యమమోటో. రాబర్ట్స్ డగౌట్ లోంచి కదల్లేదు. క్లైన్ ఊపిరి పీల్చి వదిలి, 72వ బంతికి స్ట్రైకౌట్.

నాలుగు ఇన్నింగ్స్, ఒక్క హిట్, పరుగు లేదు. ఆ వెంటనే, కింది సగంలో మొదటి బ్యాటర్‌గా ఫ్రెడ్డీ ఫ్రీమన్ వచ్చి సెంటర్‌ఫీల్డ్ గోడ అవతల పడేశాడు. 6-5. ఆరు గంటల 39 నిమిషాల ఆట. స్కోరు పుస్తకంలో గెలిచిన పిచర్ పేరు దగ్గర క్లైన్ అని రాసుకుంటున్నారు మీరు.